నీలిమందు అంటిన వేళ్లు

నా చిన్నప్పుడు, నాలుగో తరగతిలో, ఒక ఆడపిల్లను బడి మాన్పించింది నేనే. ఆడింది ఒక్క అబద్ధం. అదే సరిపోయింది.

నర్మెట్ట దగ్గరి మా ఊళ్లో ఆ వానాకాలం పిల్లలకు ఒకరి తర్వాత ఒకరికి కామెర్లు వచ్చాయి. ఎవరు తెచ్చారో తెలియక ప్రతివాళ్లూ పక్కవాళ్ల కళ్లలోకి అనుమానంగా చూసేవాళ్లు. అంతకు నెల ముందు నాకు జ్వరం వచ్చి మూత్రం ముదురు పచ్చగా పోయింది. అమ్మ కామెర్ల పసరు తాగించి, ఎవరికీ చెప్పొద్దంది. ఆ చూపులు నా మీదికి ఎక్కడ తిరుగుతాయోనని, ఊరి పక్క తండా నుంచి వచ్చే పిల్లను చూపించి, "సారూ, తండా పిల్లనే తెచ్చింది. ఆమె కండ్లు జూడుండ్రి" అన్నాను. ఆమె కళ్లు తెల్లగానే ఉన్నాయి. ఎవరూ సరిగా చూడలేదు. మర్నాటి నుంచి ఆమె రాలేదు.

వారం తర్వాత దవాఖాన నుంచి నర్సమ్మ వచ్చింది. తండా పిల్ల సంగతి సారు చెప్పాడు. నర్సమ్మ మంచినీళ్ల కుండ దగ్గర కాసేపు కూర్చుని, మేం తాగేది చూసింది. నీళ్లు ముంచి ఇచ్చే పని నాది. నన్ను పిలిచి, బట్టలకు పెట్టే నీలిమందు నా వేళ్లకు రాసి, "రోజు ముంచినట్టే ముంచు బిడ్డా" అంది. గ్లాసుతోపాటు నా వేళ్లూ మునిగాయి. కుండలో నీళ్లు నీలంగా మారాయి.

"గీ కామెర్లు చూపులతోని రావు. దొడ్డికి పోయొచ్చి సబ్బుతోని కడగని చెయ్యి నీళ్లల్ల పడితే వస్తయ్. నీళ్లు మరగబెట్టి సల్లార్చి తాగుండ్రి" అంది నర్సమ్మ. తర్వాత సారు వైపు తిరిగి, "మరి గా పిల్ల ఎన్నడన్న కుండ ముట్టిందా సారూ?" అని అడిగింది.

ఆ పిల్లను మేం కుండ ముట్టనిస్తే కదా. దూరం నుంచి ఆమె దోసిట్లో నీళ్లు పోసింది కూడా నేనే.

ఆ సాయంత్రం ఒక్కణ్నే తండాకు వెళ్లాను. వాళ్లమ్మ వెనక నుంచి ఆ పిల్ల, "ముందుగాల నీ చేతులు సూపియ్" అంది. నీలం ఇంకా వదల్లేదు. చూపించి, నా జ్వరం సంగతి చెప్పాను. మర్నాడు బడిలో అందరి ముందూ చెప్పాను. అమ్మ చేతి దెబ్బలు తప్పలేదు. నీళ్లిచ్చే పని ఆ పిల్లకే ఇమ్మని సారును అడిగాను.

ఆమె తిరిగి వచ్చిన రోజున పొడుగు కాడ గరిటెతో నీళ్లు పోసింది. ఇద్దరు ముగ్గురు తాగలేదు. నేను గ్లాసు చాపితే, "కడుక్కున్నవా?" అంది, నవ్వకుండా.

లేచి వెళ్లి కడుక్కుని వచ్చి తాగాను. ఈ వయసులోనూ కంచం ముందు కూర్చోబోతుంటే ఆ మాట వినిపిస్తుంది. మళ్లీ లేస్తాను.