టైరూ కూలరూ లేని ఇంట్లో డెంగీ

నేను ఏడో తరగతి మూడోసారి చదవడానికి తయారవుతుంటే మా సారు మా నాయనను బడికి పిలిపించి, "వీణ్ని ఇంక పంపొద్దప్పా, బెంచీ అరిగిపోతాంది" అన్నాడు. మా నాయనకు బెంచీ మీద జాలి కలిగింది. నన్ను మాన్పించేశాడు. అలాంటి నన్ను పట్టుకుని, డెంగీ జ్వరాలు ముదిరిన ఏడు, జనానికి ఆరోగ్యం గురించి చెప్పమన్నారు. నా తెలివి చూసి కాదు. నాకు మైకు ఆటో ఉంది.

హిందూపురంలో చీరల సేల్ మొదలు సంతాపం దాకా ఏ కబురైనా నా ఆటో మీదే తిరుగుతుంది. సంతాపం చెప్పినా నా గొంతు విని జనం నవ్వుతారు, అదొక్కటే ఇబ్బంది.

పెనుకొండలో ఆరోగ్య శాఖ ఆఫీసుకు మైకు ఆటోల వాళ్లందరినీ పిలిచి, తలా ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టారు. అక్కడే ఒకసారి వినిపించారు. "ప్రజలారా! కీటక జనిత వ్యాధుల వ్యాప్తిని అరికట్టుటకు నీటి నిల్వలను తొలగించండి. పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, పూలకుండీలు, ఎయిర్ కూలర్లలో నీరు లేకుండా చూసుకొనండి. రాత్రి వేళ విధిగా దోమతెరలు వాడండి." చదివినామె గొంతు చల్లగా, ఏసీలో కూర్చున్నట్టు ఉంది.

నేను ఊరుకోలేదు. "సార్, ఇదే సంగతి నేను మా మాటల్లో చెప్తా సార్. జనం ఇంటారు" అన్నాను.

ఆఫీసు సారు నా వైపు పూర్తిగా తిరగను కూడా లేదు. "పెద్ద డాక్టర్లు రాసిచ్చిందయ్యా ఇది. నువ్వు ఆటో నడుపు, చాలు. ఒక్క ముక్క మార్చినా ఊరుకునేది లేదు."

సరే, నడిపాను. మొదట హిందూపురంలోనే. మా ఊళ్లో కొళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో దేవుడికీ, నీళ్లు వదిలే మనిషికీ తప్ప ఎవరికీ తెలియదు. వచ్చిన పూట డ్రమ్ములు, బిందెలు, చివరికి పప్పు గిన్నెలు కూడా నింపుకుంటాం. అలాంటి వీధిలో నా ఆటో "నీటి నిల్వలను తొలగించండి" అంటూ పోతుంటే, ఒకామె బిందె చంకలో పెట్టుకుని అడ్డం నిలబడింది.

"ఏమబ్బా, నీళ్లు పారబోయమంటాండావే, మల్ల కొళాయి ఎప్పుడు ఇడుస్తారో అదీ చెప్పిపో."

"ఆ ముక్క దీంట్లో లేదక్కా."

"అట్లయితే ఒక పని చెయ్. ముందు నీ ఆటో ట్యాంకిలో పెట్రోలు పారబోయి, తోసుకుంటా ఇంటికి పో. అది చూసినాక మేమూ మా నీళ్లు పారబోస్తాం."

వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. డ్రమ్ము మీద పాత పంచె బిగించి కట్టుకోండి, దోమ లోపలికి పోలేదు అని ఒక్క మాట ఉంటే చాలు. ఆ మాట నాకు తర్వాత ఆస్పత్రిలో తెలిసింది. నీళ్లు రోజూ వచ్చే ఇంట్లో కూర్చుని రాసినవాళ్లకు, పారబోయడం తప్ప ఇంకో దారి తోచలేదు.

తర్వాత ధర్మవరం పంపారు. అక్కడ మా అక్కావాళ్ల ఇల్లు. మా బావ పట్టుచీరలు నేస్తాడు. వాళ్లది గుంత మగ్గం. మనిషి నేల మీద అంచున కూర్చుని, కాళ్లు గుంతలోకి దించి కింది పలకలు తొక్కుతుంటాడు. ఆషాఢం గాలి మొదలైతే పట్టు పోగు ఎండి పుటుక్కున తెగుతుంది. అందుకని గుంత మూలలో వెడల్పు మూతి కుండ పెట్టి నీళ్లు పోసి ఉంచుతారు. ఆ తేమకు పోగు మెత్తగా ఉంటుంది. ఆ కుండను ఎవరూ నీళ్ల కింద లెక్కపెట్టరు. అది మగ్గంలో ఒక సామాను, అంతే.

నా ఆటో వీధిలో ఆగగానే అక్క బయటికొచ్చింది. మైకులో టైర్లు, చిప్పలు, కూలర్లు అన్నీ శ్రద్ధగా విన్నది.

"ఒరే, మా ఇంట్లో టైరు లేదు, చిప్పలు లేవు. కూలరన్నా ఒకటి కొనీరా, దాంట్లో నీళ్లన్నా పారబోస్తా."

లోపల మగ్గంలోంచి బావ అందుకున్నాడు. "పూలకుండీ కూడా తెమ్మను. చీర మీద నేసే పూలు చాలడంలే మీ అక్కకు."

వీధిలో అందరూ అలాగే తమ ఇళ్లు చూసుకున్నారు. చెప్పినవేవీ లేవు. ఇంకేం భయం? బావ పగలంతా ఒక పాదంతో ఇంకో పాదం గోక్కుంటూ నేశాడు. రాత్రి మైకు చెప్పినట్టే దోమతెర కట్టుకుని పడుకున్నాడు.

పెళ్లి చీర మగ్గం మీద ఉండగా బావకు జ్వరం పట్టింది. ఎండ దెబ్బ అనుకుని బిళ్లలు మింగి మళ్లీ కూర్చున్నాడు. చిగుళ్ల నుంచి నెత్తురు కనబడ్డాక అక్క నాకు ఫోన్ చేసింది. ఆటోలోనే ఆస్పత్రికి తీసుకుపోయాం. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయన్నారు. ఆ మనిషి దక్కుతాడో లేదో ఎవరూ తేల్చి చెప్పలేదు. అక్క మంచం కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది.

నర్సమ్మ సూది వేస్తూ అడిగింది. "పగలు యాడ ఉంటాడమ్మా?"

"మగ్గంలో."

"ఈ దోమ పగలే కుడుతుంది. ఆ గుంతలో నీళ్లేమన్నా ఉండాయా?"

అక్క నా మొహం చూసింది. కుండైనా డ్రమ్మైనా రుద్ది కడిగి, మూతికి గుడ్డ బిగించి కడితే దోమ లోపలికి పోలేదని నర్సమ్మ చెప్పింది. నేను అక్కావాళ్ల ఇంటికి పోయి గుంతలోకి ఫోన్ లైటు వేశాను. కుండ నీళ్లలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

పగలు కుట్టే దోమకు రాత్రి తెర కట్టమని నేను వీధి వీధీ తిరిగి చెప్పాను! ఆ పెన్‌డ్రైవ్ పీకి జేబులో పడేశాను. మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను.

"యో అప్పలారా, అమ్మలారా! టైర్ల సంగతి ఇడిసిపెట్టండి. మగ్గం గుంతలో కుండ ఉండాదే, ఆడ పుడతాండాయి దోమలు! పగలే కుడతాండాయి! నీళ్లు మార్చండి, కుండ లోపల గట్టిగా రుద్ది కడగండి, మూతికి పలచటి గుడ్డ కట్టండి. తేమ అట్లనే ఉంటాది, దోమ లోపలికి పోదు. జ్వరమొస్తే చీర కోసం కూచోవద్దు, చీర ఆగుతాది, మనిషి ఆగడు!"

ఆ వీధిలో నా గొంతు విని ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్లు కుండలు బయటికి తెచ్చి, ఎర్రటి ఎండలో మట్టి మీద పారబోస్తుంటే ఆ పురుగులు గిలగిలా కొట్టుకున్నాయి. మరునాడే ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. సొంత మాటలతో ప్రచారం చేసినందుకు ఇంక రావొద్దన్నారు. అంత తొందరగా ఆ ఆఫీసు కదలడం నేనెప్పుడూ చూడలేదు. దోమల కోసం ఒక్కనాడూ అలా కదల్లేదు.

బావ బతికాడు. చిక్కి సగమై ఇంటికొచ్చి, గంజి తాగుతూ గోడకానుకుని కూర్చున్నాడు. అతని ముందు నేను కోపంతో ఊగిపోయాను.

"ఏం బావా, ఆ రాసినోళ్లల్లో ఒక్కడన్నా మగ్గం ఇంట్లో అడుగుపెట్టి రాసినాడా? ఒక్కడన్నా ఆ గుంతలోకి తొంగి చూసినాడా? వాళ్లకు మనుషులంటే లెక్కుండాదా?"

అక్క గంజి గిన్నె తీసుకుంటూ నా వైపు తిరిగింది.

"వాళ్లు చూడలేదు, సరే. ధర్మవరం వచ్చినప్పుడల్లా ఆ గుంత పక్కనే కూచొని సంగటి తింటివి గదరా, నువ్వెన్నిమార్లు తొంగి చూసినావు?"