అమ్మ సమాధి మీద విష్ణుక్రాంత

నల్లపాడు దాటాక మా పాసింజరు ఎందుకు ఆగుతుందో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఎదురు బండీ రాదు. కాసేపు ఆలోచించుకుని అదే కదులుతుంది. మామూలు రోజుల్లో నాకూ అభ్యంతరం లేదు.

ఆ రోజు మాత్రం సమాధుల పండుగకు ముందురోజు. ఆ పొద్దున మా ఊరి సమాధుల తోటలో కాపలా తాత పార పట్టుకుని, వరసగా ఒక్కో సమాధి మీది గడ్డి చెక్కుకుంటూ వస్తాడు. మర్నాడు పూలు, కొవ్వొత్తులు. సమాధి మీద పచ్చగా ఏదైనా కనిపిస్తే పిల్లలు పట్టించుకోవట్లేదని అర్థం.

మా అమ్మ సమాధి పచ్చగా ఉంది. నేనే పెంచాను.

"నామీద సిమెంటు పొయ్యొద్దురా, ఎండకి కాలిపోద్ది" అంది అమ్మ. ఆమె మాట వినడం నాకు అంతగా అలవాటు లేదు గానీ, అదే ఆఖరిది కావడంతో తప్పలేదు. చిక్కల్లా ఆ నేలతోనే. ఎర్ర కంకర, పైగా వాలు. రెండు వానలకే దిబ్బ సగమైంది. మా నాన్న రిటైరైన బడిపంతులు, గడువు పెట్టాడు. "పండగ నాటికి మట్టి నిలబడితే సరే. లేదంటే మేస్త్రీని పిలుస్తా."

మిరప చేల గట్ల మీద, ఎవరూ నీళ్ళు పోయకపోయినా నేలకు అతుక్కుని పాకే విష్ణుక్రాంతను మట్టిపెళ్ళలతో సహా తెచ్చాను. దాని పేరేమిటని పాస్టరుగారు అడగలేదు, నేనూ చెప్పలేదు. మొదటిసారి రోజూ నీళ్ళు పోశాను, కుళ్ళింది. రెండోసారి ఎరువు వేశాను, కలుపు బాగా పెరిగింది. మూడోసారి తొలకరికి నాటి, వేళ్ళు పట్టాక పట్టించుకోవడం మానేశాను. అప్పుడు బతికింది. చొక్కా గుండీలంత నీలం పూలు కూడా పూసింది.

తాత పార పట్టేముందు నేనే అక్కడుంటానులే అనుకుని, అమ్మ సమాధి చెక్కొద్దని ఆయనకు ముందుగా చెప్పలేదు. ఇప్పుడు రైల్లో ఉన్నాను. నాన్నకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆయన ఫోను ఎప్పుడూ ఇంట్లో భద్రంగా ఉంటుంది.

ఆటో దిగి పరిగెత్తాను. తాత మా వరసలోనే వంగి ఉన్నాడు.

"తాతా, ఆగు!"

"ఏంది బాబూ ఆ కేకలు? ఈళ్ళల్లో ఎవరో లేచారనుకున్నా!"

కాళ్ళ వైపునుంచి సగం దాకా చెక్కేశాడు. పక్కనే నాన్న, చేతిలో సున్నం బకెట్టు.

"నేనే చెక్కమన్నా" అన్నాడు. "రేపు ఊరంతా వస్తారు. నలుగురూ ఏమనుకుంటారు?"

"మట్టి నిలబడితే సరేనన్నావుగా నాన్నా."

చెక్కేసిన చోట మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో నెట్టాను. పైన తీగ లేదు గానీ, లోపలి వేళ్ళు కంకరను పట్టుకునే ఉన్నాయి. మట్టి రాలలేదు.

"చూడు, కదల్లేదు."

"నిజమే మాస్టారూ" అన్నాడు తాత, నడుం పట్టుకుని. "సిమెంటయినా ఇంతకంటే సుళువుగా ఊడొచ్చేది."

మిగిలిన సగం మీద పార ఆనించి మా ఇద్దరి వంకా చూశాడు. నాన్న సున్నం బకెట్టు కింద పెట్టి, ఆ నీలం పూల వైపు చూశాడు.

"సిమెంటొద్దంది, సరే. ఈ గడ్డి పెంచమని కూడా అన్లేదుగా మీ అమ్మ."