సైదులుకు ఏ కీర్తన

సైదులు పోయి ఏడాది కావస్తోంది. ఆదివారం సాయంత్రం ఎల్బీనగర్‌లో వాళ్ల ఇంట్లోనే జ్ఞాపకార్థ కూడిక. ఏ కీర్తన చదవాలో అతని భార్య అండాలమ్మే చెప్పాలన్నారు పాస్టరుగారు. అప్పటినుంచి ఆమెకు వంట మీద ధ్యాస లేదు.

నాలుగో తరగతితో చదువు ఆపేసిన మనిషి. అక్షరాల కింద వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదువుతుంది. బైబిల్లో మొదటి కీర్తన తీసింది. నీతిమంతుడు కాలువ ఒడ్డున చెట్టు లాంటివాడట, దుష్టుడు గాలికి కొట్టుకుపోయే పొట్టు లాంటివాడట. మధ్యలో ఇంకో రకం మనిషి లేడు. మరి సైదులు ఎటు? కరోనా రోజుల్లో జ్వరంతో ఉన్నవాళ్లను ఏ ఆటో ఎక్కించుకోకపోతే, మూతికి తువ్వాలు చుట్టుకుని తన ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాడు. శనివారం తాగొచ్చి కంచం విసిరిందీ ఆయనే. ఒకటి రెండుసార్లు ఆమె మీద చెయ్యి కూడా చేసుకున్నాడు.

దిగులుగా మొదలైన ప్రశ్న రానురాను కుతూహలంగా మారింది. కూర పొయ్యి మీద పడేసి పేజీలు తిప్పేది. ఒకచోట దుష్టుల పళ్లు విరగ్గొట్టమని దేవుణ్ణే పురమాయిస్తున్నాడు పాడేవాడు. యాభై ఒకటో కీర్తనకొచ్చేసరికి తప్పు తనదేనని ఏడుస్తున్నాడు. కీర్తనల పైన చూస్తే రెండుచోట్లా రాసినవాడిగా దావీదు పేరే.

కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు కోటేశ్వరమ్మది గుంటూరు వైపు. ఆడవాళ్ల ప్రార్థన నడిపేది ఆవిడే. అండాలమ్మ పుస్తకం పట్టుకుని దిగింది.

“అమ్మా, పండ్లు ఇరగ్గొట్టుమన్న దావీదు, గీడ ఏడుస్తున్న దావీదు ఒక్కడేనా?”

“ఒక్కడేనమ్మా. ఇంకోడి పెళ్లాన్ని తెచ్చుకుని, వాణ్ణి యుద్ధంలో చంపించాడుగా. ఆ తర్వాత పాడిందే ఇది.”

“గంత పని జేసినోని పాటలా మనం పాడేది?”

“అయితే ఏం చేద్దామంటావే, సగం పుస్తకం చింపేద్దామా?” అని నవ్వింది కోటేశ్వరమ్మ.

అండాలమ్మ యాభై ఒకటే ఖాయం చేసుకుంది.

ఆదివారం హయత్‌నగర్ నుంచి వచ్చిన ఆడబిడ్డ అమల ఆ మాట వింటూనే చేతిలో పూలు పక్కన పెట్టేసింది.

“వదినా, అది పాపం ఒప్పుకునేటోళ్లది. సచ్చిపోయిన మా అన్నను నలుగుట్ల పాపిని జేస్తవా? ఇరవై మూడోది, దేవుడు నా కాపరి అనేటిది సదివిపియ్యరాదె, మంచిగుంటది.”

“మీ అన్న మంచోడే అమలా. నన్ను కొట్టిండు గూడ. రెండిట్ల ఏది అబద్ధమో నువ్వే జెప్పు.”

అమల మూతి ముడుచుకుని గోడవారన కూర్చుంది.

కూడికలో కీర్తనను తలా ఒక వచనం చదవడం అలవాటు. ఆ సంగతి అండాలమ్మకు అప్పటిదాకా తట్టనే లేదు. పాస్టరుగారు మొదలుపెట్టారు. తర్వాత కోటేశ్వరమ్మ, తన దోషం కడిగెయ్యమని, కళ్లజోడు సర్దుకుంటూ చదివింది. పుస్తకం గడప దగ్గరున్న మహిపాల్ చేతికొచ్చింది. సైదులుతో పాటు ఆటో నడిపినవాడు.

“నేను మీ చర్చోణ్ణి గాదక్కా.”

“సదువు తమ్మీ, తెలుగే గదా,” అంది అండాలమ్మ.

అతనూ తడబడుతూ, తన పాపం తన కళ్ల ముందే ఉందని చదివాడు. ఎవరి నోటి నుంచైనా వచ్చేది ‘నా’ అన్న మాటే. సైదులు పేరు ఎక్కడా లేదు. అండాలమ్మ ఒక్కొక్కరి ముఖం వింతగా చూసింది. పాస్టరుగారికి ఏం తప్పుంటుంది? కోటేశ్వరమ్మకు?

వరస అమల దాకా వచ్చింది. సగం చదివి వదిన వైపు చూసింది. మిగతా సగం చదివి, పుస్తకం వదిన ఒళ్లో పెట్టింది, ఒక అంచు మాత్రం వదల్లేదు.

విరిగిన మనసును దేవుడు తోసేయడన్న వచనం అండాలమ్మకు వచ్చింది. వేలు జరుపుకుంటూ మెల్లగా చదివింది. ఎవరూ తొందరపెట్టలేదు.

“మళ్ల సదువు వదినా,” అంది అమల, ఆమెకు దగ్గరగా జరిగి. “నాకు సక్కగ ఇనవడలే.”