చెక్క కింద అమ్మ బొట్లు

మొగల్రాజపురంలో కొత్తగా పెట్టిన కాఫీ షాపులో నిన్న ఒక పాత టేకు బెంచీ చూశాను. కిందికి సన్నబడే ఏటవాలు కాళ్లు, కూర్చునే చోట వరసగా బద్దలు, చేతులు ఆనించుకోవడానికి నున్నటి చెక్కలు. మన ఈడు వాళ్లకి గుర్తుందా, అప్పట్లో ఎన్ని వరండాల్లో ఉండేవో ఇలాంటివి!

"కూర్చోండి మేడమ్, వింటేజ్ పీసండీ" అన్నాడు షాపతను.

కూర్చున్నాను. నా వేళ్లు వాటంతటవే చెయ్యి ఆనే చెక్క కింద వెతకసాగాయి.

అమ్మ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని మా బెంచీ మీద నడుం వాల్చేది. పడుకునే ముందు స్టిక్కర్ బొట్టు తీసి ఆ చెక్క కింద అంటించేది. లేచాక మర్చిపోయి కొత్తది పెట్టుకునేది. "నా బొట్లన్నీ ఏం చేస్తున్నావే?" అని నన్నే కేకలేసేది.

జబ్బు చేశాక గాలి తగులుతుందని ఆ బెంచీ మీదే పడుకుంది. అక్కడే పోయింది. నాకప్పుడు పదేళ్లు.

పెద్దకర్మ అయ్యాక మేనత్త, "పోయిన మనిషి పడుకున్న బెంచీ ఇంట్లో ఉంచకూడదన్నయ్యా, ఎవరికైనా ఇచ్చెయ్" అంది. అత్త నా చేతికి సబ్బునీళ్ల బకెట్టు ఇచ్చి, "శుభ్రంగా కడుగు తల్లీ, ఎదుటివాళ్లకి మురికిగా ఇవ్వకూడదు" అంది.

బాగా కడిగాను. చెక్కల కింద కూడా. మెరూన్ బొట్లు ఒక్కొక్కటే గోటితో గీకి తీశాను. అత్త మెచ్చుకుంది.

నిన్న కాఫీ చల్లారిపోయేదాకా తడుముతూనే ఉన్నాను. అది మా బెంచీయే అయినా అక్కడేమీ దొరకదు. ఒక్కటి కూడా మిగల్చలేదు నేను.