కొండ గురించి నేను పెట్టని కాగితం

రిటైర్మెంటుకు మూడేళ్లుండగా, ఒక మార్చి నెల మొదటి సోమవారం, ఈ పరాయి దేశంలో పామర్‌స్టన్ నార్త్ ఊరి వైపు పాత రైలు మార్గానికి నన్ను సీనియర్ ఇంజినీరుగా వేశారు. నూరేళ్ల కిందట తవ్విన సొరంగాన్ని వెడల్పు చేయాలి. డిజైన్ చూసేది నా కింద పనిచేసే స్వాతి. కరీంనగర్ అమ్మాయి, ఇక్కడే చదువుకుంది. ఆమె వీసా ఈ ఉద్యోగానికే ముడిపడి ఉంది.

పాత ఫైళ్లు తిరగేశాను. కొండ లోపల మెత్తటి మన్ను, నీళ్లు తగిలితే జారుతుందని ఆనాటి ఇంజినీరు మూడు ఉత్తరాలు రాశాడు. ఖర్చెక్కువని మేనేజర్లు తోసిపుచ్చారు. కొండ జారింది, ఖర్చు రెండింతలైంది, ఉద్యోగం మాత్రం ఆ ఇంజినీరుదే పోయింది.

స్వాతిదీ అదే భయం. "అంకుల్, ఇంకొన్ని బోర్లు ఏసి మట్టి చూడకుంట డ్రాయింగు మీద సంతకం పెట్టాలంటే భయమైతుంది" అంది.

ప్రమాదం కనబడితే రాతపూర్వకంగా ముందస్తు హెచ్చరిక ఇవ్వాలని మా కాంట్రాక్టు నియమం. రాయనిది చెప్పనట్టే లెక్క. అది నాకు బాగా తెలుసు. కానీ సికింద్రాబాద్‌లో ఇరవై ఏళ్లు పనిచేసినవాణ్ణి. పై అధికారి మీద కాగితం పెట్టడమంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమేనని అక్కడ నేర్చుకున్నాను. అందుకని ప్రాజెక్టు మేనేజరుకు కాఫీ దగ్గర మెల్లగా చెప్పాను. తను చూసుకుంటానన్నాడు.

"నేను మాట్లాడిన గదమ్మా, పెట్టు" అన్నాను. స్వాతి సంతకం పెట్టింది.

ఆగస్టు వానలకు సొరంగం ముఖం మీదికి కొండ జారింది. అది ఆదివారం కాబట్టి ప్రాణాలు దక్కాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు బోర్లు వేయించారు. పెరిగిన ఖర్చు ఎవరు భరించాలని కాంట్రాక్టరూ మావాళ్లూ నెలల తరబడి కొట్టుకున్నారు. విచారణలో మేనేజరు అలాంటి సంభాషణేదీ గుర్తులేదన్నాడు. కాగితం ఉందా అని నన్నడిగారు. లేదన్నాను. సంతకం నేనే పెట్టమన్నానని మాత్రం నా నోటి నుంచి రాలేదు. నాకూ పెన్షన్ దగ్గరపడింది మరి.

స్వాతి ఉద్యోగం పోయింది, దాని వెంట వీసా పోయింది. వెళ్లేముందు ఫోన్ చేసి, "మీరు చెప్పిండ్రు, నాకు తెలుసు అంకుల్. రాసుంటే అయిపోతుండె" అంది.

గౌరవం కొద్దీ నోటితో చెప్పానని చాలాకాలం అనుకున్నాను. భయం కొద్దీ రాయలేదు, అంతే. ఈ వృత్తిలో మనిషి మాట కాదు, కాగితమే మిగులుతుంది. రేపెవరైనా ఈ సొరంగం ఫైలు తెరిస్తే డ్రాయింగు మీద స్వాతి సంతకం ఉంటుంది. నాది విచారణ హాజరు పట్టీలో ఉంటుంది.