నాన్న కనుబొమ్మలు

ఆ వీధిలో దర్జీలు ముగ్గురున్నా, ఒంటికి అతికినట్టుండే కోటు కావాలంటే జనం విప్పుడు మాస్టారి కొట్టుకే వెళతారు. ఆ పేరు ఊరికే రాలేదు. కుట్టు నూలువాసి పక్కకు పోయినా ఆయన కనుబొమ్మలు ముడిపడతాయి. నోటినిండా గుండుసూదులు, మాట పెగలదు. కుట్టినవాడు నోరు మూసుకుని కుట్టంతా విప్పుకోవాల్సిందే. కొట్లో పనివాళ్ళు ఆ కనుబొమ్మల్ని చూసి పని చేసుకోవడం ఎప్పుడో నేర్చుకున్నారు.

ఆయనకు ఒక్కతే కూతురు, పదో తరగతి. చిన్నప్పుడు లెక్కలంటే చెవి కోసుకునేది. కొట్లో మూలన చతికిలబడి, గుడ్డపీలికల మీద సుద్దతో తనకు తానే లెక్కలు వేసుకుని చేసుకునేది. పిల్ల హైస్కూలుకు వచ్చాక మాస్టారికి బెంగ పట్టుకుంది. తన చదువు ఐదో తరగతితో అటకెక్కింది, పిల్లదీ అలా కాకూడదు. అందుకని సాయంత్రం కాగానే కత్తిరింపు బల్ల సగం ఖాళీ చేసి పిల్లను కూర్చోబెట్టేవాడు. హోంవర్కు అయ్యేదాకా ఎదురుగా కళ్ళలో వత్తులు వేసుకుని తనూ కూర్చునేవాడు.

"దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి," అనేది భార్య.

"నేనేమన్నానే? అసలు నోరు విప్పానా?"

నిజమే, పాపం విప్పలేదు. తిట్టుకైతే బదులు చెప్పొచ్చు, ముడిపడ్డ కనుబొమ్మలకు ఏమని చెబుతాం? పిల్లకు మాత్రం బల్ల దగ్గరికి రమ్మంటే చాలు, కడుపునొప్పి వచ్చేది. అది బద్ధకం అనుకున్నాడు మహానుభావుడు.

బడికి తల్లిదండ్రులను పిలిచిన రోజున లెక్కల టీచరు పిల్లల్ని ఒక్కొక్కరినే బోర్డు దగ్గరికి రమ్మంది. మాస్టారి కూతురు చకచకా లెక్క చేసి, పక్కనే గ్రాఫు గీసింది. గీసి, అలవాటుగా వెనక్కి తిరిగి తండ్రిని చూసింది. ఆయన కనుబొమ్మలు ముడిపడి ఉన్నాయి. గీత చివర కాస్త వణికిందని ఆయన బాధ, అంతే. అంతకుమించి ఆ బోర్డు మీద ఆయనకు అర్థమైంది ఏమీ లేదు. పిల్ల మొత్తం చెరిపేసి ఇంకోటి గీసింది. మళ్ళీ చూసింది, మళ్ళీ చెరిపింది. చివరికి సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మొదట చేసిందే కరెక్టు కదమ్మా, ఎందుకు చెరిపావు?" అని అడిగింది టీచరు.

పిల్ల తండ్రివైపు చూసింది. దాంతో గదిలో ఉన్నవాళ్ళంతా ఆయనవైపు తిరిగారు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ముడి పోతుందేమోనని అరచేత్తో నుదురు రుద్దుకున్నాడు.

ఇద్దరూ బడినుంచి తిరిగొచ్చారు. కొట్టు తలుపు తీస్తూ అన్నాడు, "నాకు ఆ లెక్కలు ఒక్క ముక్క తెలియవమ్మా. ఏనాడూ తెలియవు."

ఎంతో పెద్ద రహస్యం బయటపెట్టాననుకున్నాడు.

"నాకు తెలుసు నాన్నా, ఎప్పుడో తెలుసు."

"మరి ఎందుకు చెరిపావు?"

"నీకు నచ్చలేదు కదా."

ఆ సాయంత్రం బల్ల ఖాళీ చేసి, తన స్టూలును గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. వెనకాల పెన్సిలు కాసేపు కదిలి ఆగిపోయింది.

"నాన్నా, ఒక్కసారి ఇటు తిరుగు," అంది పిల్ల. "నీ మొహం చూడకపోతే తప్పో ఒప్పో నాకు తెలియడం లేదు."

ఎదురుగా గోడ తప్ప ఎవరూ లేరు. అయినా మాస్టారు తల ఎత్తలేకపోయాడు.