చింతపండుతో తోమిన నాణెం

వైటూకే రోజుల్లో మెల్‌బోర్న్‌లో నా పని, పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేయడం. పొద్దస్తమానం అదే. ఒక శనివారం సంతలో వేలిగోరంత కంచు నాణెం కొనుక్కున్నాను. రెండు వేల ఏళ్లకు ముందు ఏదో చిన్న గ్రీకు నగరం వేయించుకున్నదట. దాని మీద సంవత్సరం లేదు, అందుకే నచ్చింది. పచ్చటి చిలుములో ఒక దేవత ముఖం. చిలుము పోతే ముఖమూ పోతుందని అమ్మినాయన చెప్పాడు. ఇంట్లో ఆ మాట చెప్పడం మర్చిపోయాను.

గురువారం ఆఫీసు నుంచి వచ్చేసరికి మా ఆవిడ దాన్ని పూజ సామానుతో పాటు చింతపండు పెట్టి తోమేసింది. బంగారంలా మెరుస్తోంది, నున్నగా.

"దేవతన్నారుగా, అంత చిలుముతో ఎలా పెట్టను?" అంది.

ముఖం ఉండాల్సిన చోట కుంకుమ బొట్టు. కోప్పడాలన్నా ఓపిక ఉండాలి. దణ్ణం పెట్టుకుని అన్నానికి కూర్చున్నాను.